సంక్రాంతికి పూసే సైక్లమెన్: చెట్టు నీడలో పెంచే పద్ధతి

(బ్రిటన్‌లో ఇంటి తోటలు పెంచుకుంటున్న తెలుగువారి కోసం చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

ఈ దేశంలో నవంబరు వచ్చేసరికి తోటపని అయిపోయినట్టేనని మనవాళ్లు చాలామంది వెనక తలుపు వేసేసుకుంటారు. టమాటా, సొరపాదు, గోంగూర, బంతి అన్నీ మొదటి గడ్డచలికే పోతాయి. ఇక ఫెన్సు వారనో పెద్ద చెట్టు కిందో ఉన్న నేల అయితే వేసవిలో కూడా ఖాళీయే. "అక్కడ ఎండ రాదండీ, ఏం వేసినా బతకదు" అని వదిలేస్తాం. ఈ పూట మనం మాట్లాడుకునేది సరిగ్గా ఆ నేల గురించే, ఆ నెలల గురించే.

డిసెంబరు చివర్లో మొగ్గ విప్పి, సంక్రాంతికి నిండుగా పూసి, శివరాత్రి దాటేదాకా నిలిచే చిన్న మొక్క ఒకటుంది. పేరు సైక్లమెన్ కోమ్. ఎత్తు 5 నుంచి 8 సెంటీమీటర్లు, అంటే మన వేలంత. మైనస్ 10 డిగ్రీల చలినైనా తట్టుకుంటుంది. ఒకసారి కుదురుకుంటే ఏళ్ల తరబడి అదే చోట ఉంటుంది, విత్తనాలతో పిల్ల మొక్కలు కూడా పెడుతుంది. దీన్ని పెంచడం కష్టం కాదు. కానీ మన ఊళ్లలో నేర్చుకున్న అలవాట్లు కొన్ని దీనికి పనికిరావు. వేసవి వస్తే నీళ్లు పోయడం, దుంపను ముక్కలు కోసి పాతడం, నీడ మొక్క కదా అని ఏడాది పొడవునా చీకట్లో ఉంచడం, ఈ మూడింటివల్లే ఎక్కువ మొక్కలు పోతాయి.

ముందు పేర్ల దగ్గర తికమక తీర్చుకుందాం, ఎందుకంటే డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే. సైక్లమెన్‌లో ఇరవైకి పైగా జాతులున్నాయి. మన పనికి మూడు తెలిస్తే చాలు.

మొదటిది పెర్సికం. శరదృతువు నుంచి క్రిస్మస్ దాకా సూపర్‌మార్కెట్లలో కుండీల్లో కనిపించేది ఇదే. ఆకు పెద్దది, అంచున చిన్న పళ్లు ఉంటాయి. పూకాడ జానెడు దాకా లేస్తుంది. చిన్న సైజువి "మినీ సైక్లమెన్" అని అమ్ముతారు, అవీ పెర్సికమే. గట్టి చలి పడిన రాత్రి బయట ఉంటే దుంప గడ్డకట్టి, కరిగాక మెత్తబడి కుళ్లిపోతుంది. అక్టోబరులో చెట్టు కింద నాటితే డిసెంబరు దాకా బాగానే ఉండి, జనవరిలో పోయేది ఇదే. "సైక్లమెన్ మా తోటలో బతకలేదు" అనే ఫిర్యాదుల్లో చాలా పెర్సికం గురించినవే.

రెండోది హెడెరిఫోలియం. చలికి గట్టిదే. కాని పూసేది ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా. ముందు పూలు వస్తాయి, తర్వాత ఐవీ ఆకు ఆకారంలో ఆకులు వస్తాయి. దుంప ఏళ్లు గడిచేకొద్దీ భోజనం పళ్లెమంత అవుతుంది.

మూడోది మన కోమ్. ఆకు గుండ్రంగానో మూత్రపిండం ఆకారంలోనో ఉంటుంది. అంచు నున్నగా ఉంటుంది, పళ్లుండవు. రూపాయి బిళ్ల సైజు నుంచి 6 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. తిప్పి చూస్తే అడుగున మెరూన్ రంగు ఉంటుంది. పూవు పొట్టిగా, బొద్దుగా ఉంటుంది. కొనేటప్పుడు చీటీ మీద "కోమ్" అనే మాట ఉందో లేదో చదవండి. "హార్డీ సైక్లమెన్" అని మాత్రమే రాసి ఉంటే ఆకు అంచు చూసి నిర్ధారించుకోండి.

ఆ పూవును ఒకసారి నేల మీద మోకాలు ఆనించి చూడండి. ఐదు రేకులూ గాలికి తిరగబడిన గొడుగులా వెనక్కి మడిచి ఉంటాయి, నోరు నేలవైపు ఉంటుంది. రేకు మొదట్లో ముదురు మచ్చ, ఆ మచ్చలో చిన్న కళ్లలా రెండు లేత చుక్కలు. నోరు కిందికి ఉండటం వల్ల జనవరి వానలో పుప్పొడి తడవదు. గడ్డచలి పడిన ఉదయం కాడలు, ఆకులు నేలకు అతుక్కుని చచ్చిపోయినట్టు కనిపిస్తాయి. కంగారుపడి కత్తిరించకండి. మధ్యాహ్నానికి మంచు కరిగితే అవే లేచి నిలబడతాయి. ఎండ కాస్త వెచ్చగా వచ్చిన రోజున బంబుల్ బీ రాణులు ఈ పూలకే వస్తాయి. ఆ నెలల్లో వాటికి దొరికే మేత చాలా తక్కువ.

ఇప్పుడు దీని ఏడాది ఎలా నడుస్తుందో చూద్దాం. ఇది అర్థమైతే మిగతా పద్ధతంతా మీకే తడుతుంది. నల్ల సముద్రం దక్షిణ తీరంలో టర్కీ కొండలు, కాకసస్, ఉత్తర ఇరాన్, బల్గేరియా ప్రాంతాలు దీని పుట్టిల్లు. అక్కడ బీచ్, హేజెల్ చెట్ల అడవుల్లో, రాలిన ఆకుల మధ్య పెరుగుతుంది. ఆ చెట్లు శరదృతువులో ఆకు రాల్చేస్తాయి. అప్పుడు నేల మీదికి వెలుతురు దిగుతుంది. ఆ వెలుతురును వాడుకోవడానికే కోమ్ అప్పుడు ఆకు వేస్తుంది. మన లెక్కలో దసరాకీ దీపావళికీ మధ్య ఆకులు లేస్తాయి. సంక్రాంతికి పూలు. ఉగాదికి పూలు అయిపోయి కాయలు కడుతుంటాయి. ఈలోగా పైన చెట్లు చిగురించి గొడుగు పట్టేస్తాయి. రోహిణి కార్తె నాటికి, అంటే మే చివరికి, ఆకులు పసుపెక్కి వాడిపోతాయి. దుంప నిద్రలోకి వెళ్తుంది. సెప్టెంబరు దాకా నేల మీద ఏమీ కనిపించదు.

అందువల్ల "నీడ మొక్క" అనే మాటను జాగ్రత్తగా తీసుకోవాలి. దీనికి నీడ కావలసింది వేసవిలో. అది కూడా దుంప వేడెక్కకుండా ఉండటానికి. చలికాలంలో మాత్రం ఆకు మీద వెలుతురు పడాలి. నేరుగా ఎండ అక్కర్లేదు, ఆకాశం కనబడితే చాలు. జనవరి మధ్యాహ్నం ఆ చోట నిలబడి తల పైకెత్తండి. కొమ్మల సందుల్లోంచి ఆకాశం బాగా కనిపిస్తోందా, ఆ చోటు పనికొస్తుంది. పైన ముదురాకుపచ్చ కమ్మేసి ఉందా, వదిలేయండి.

ఈ పరీక్షతో చూస్తే మంచి చోట్లు ఏవంటే: ఆపిల్, బర్చ్, మాగ్నోలియా, జపనీస్ మేపుల్, చెర్రీ లాంటి ఆకురాల్చే చెట్ల కింద, కాండానికి అడుగున్నర నుంచి నాలుగడుగుల దూరంలో. ఉత్తర ముఖంగా ఉన్న గోడ లేదా ఫెన్సు వారన. అక్కడ ఎండ రాకపోయినా తెరిచిన ఆకాశం ఉంటుంది, గోడ అడ్డం కాబట్టి నేల మరీ చిత్తడి కాదు. సెమీ డిటాచ్డ్ ఇళ్ల పక్క సందుల్లో ఈ చోటు దాదాపు అందరికీ ఉంటుంది, బిన్‌లు పెట్టుకుని వదిలేస్తాం. గులాబీ, హైడ్రాంజియా లాంటి పొదల మొదళ్ల దగ్గర కూడా వేయొచ్చు, చలికాలంలో అవి బోడిగానే ఉంటాయి కదా.

పనికిరాని చోట్లు: లేలాండీ కంచె అడుగు, లారెల్ పొద అడుగు. అక్కడ ఏడాదంతా చీకటి, పైగా వేళ్లు నేలలోని తడినంతా పీల్చేస్తాయి. తప్పనిసరిగా అక్కడే ఏదైనా వేయాలనుకుంటే హెడెరిఫోలియం ప్రయత్నించండి, అది ఇంకాస్త మొండిది. ఇంటి పైకప్పు నీళ్లు కారే చోటు, చలికాలంలో నీళ్లు నిలిచే పల్లం కూడా వద్దు. నీరు నిలిస్తే దుంప కింది నుంచి కుళ్లుతుంది. పైకి ఆకులు పచ్చగానే ఉంటాయి, పట్టుకుంటే చేతికి వచ్చేస్తాయి. అప్పుడు చేయగలిగింది ఏమీ ఉండదు.

నేల సంగతికి వద్దాం. ఆమ్లమా క్షారమా అన్న పట్టింపు కోమ్‌కు పెద్దగా లేదు. నీరు ఇంకిపోవాలి, మాగిన ఆకు ఎరువు ఉండాలి, అంతే. లండన్ చుట్టుపక్కల ఉండే జిగట బంకమట్టి అయితే చదరపు మీటరుకు 50 లీటర్ల ఆకు ఎరువు, 25 కిలోల గ్రిట్ బస్తా ఒకటి కలపండి. 50 లీటర్లంటే నేల మీద 5 సెంటీమీటర్ల మందం పరిచినట్టు. గ్రిట్ అంటే తోటపనికి అమ్మే కడిగిన సన్న కంకర. ఇంటి పనికి వాడే సన్న ఇసుక కలిపితే బంకమట్టి ఇంకా గట్టిపడుతుంది, అది వద్దు. కలపడం కూడా పై 12 నుంచి 15 సెంటీమీటర్ల లోతు వరకే.

చెట్టు కింద అయితే తవ్వకండి. పార వేస్తే చెట్టు పీచువేళ్లు తెగుతాయి, చెట్టు దెబ్బతింటుంది. చిన్న తాపీతో వేళ్ల మధ్య ఖాళీ వెతికి, 10 సెంటీమీటర్ల వెడల్పు గుంటలు చేసి, ఆ గుంటలోనే ఆకు ఎరువు, గ్రిట్ కలిపిన మట్టి నింపండి. మొత్తం మీద మట్టి పోసి ఎత్తు పెంచడం, కాండానికి ఆనించి పోగు చేయడం రెండూ తప్పే. కాండం చుట్టూ తడి మట్టి ఉంటే బెరడు కుళ్లుతుంది.

ఆకు ఎరువు కొనాల్సిన పని లేదు. నవంబరులో రాలిన ఆకులను నల్ల చెత్త సంచుల్లో నింపి, పొడిగా ఉంటే నీళ్లు చల్లి, ఫోర్కుతో పది పన్నెండు చిల్లులు పొడిచి, షెడ్ వెనక పడేయండి. ఏడాదికి పైన పరచడానికి పనికొస్తుంది, రెండేళ్లకు మట్టిలో కలపడానికి పొడిపొడిగా తయారవుతుంది. పశువుల ఎరువు, కోడి ఎరువు మాత్రం దీనికి వద్దు. నత్రజని ఎక్కువైతే ఆకు మెత్తగా ఏపుగా వచ్చి, చలికాలపు తడికి బూజు పడుతుంది, పూలు తగ్గుతాయి.

ఇక నాటడం. కోమ్ రెండు రూపాల్లో దొరుకుతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో సంచుల్లో ఎండు దుంపలు అమ్ముతారు. జనవరి నుంచి మార్చి దాకా 9 సెంటీమీటర్ల కుండీల్లో పూసిన మొక్కలు అమ్ముతారు. కుండీ మొక్క ధర ఎక్కువే, అయినా అదే కొనండి. ఈ దుంప ఉల్లిగడ్డలాగా పొట్టు కప్పుకుని ఉండదు. షెల్ఫ్ మీద నెలలు ఎండితే ముడుచుకుపోతుంది, నాటాక చాలావరకు లేవదు. లేచినా ఒక ఏడాది ఆకు వేయకుండా ఊరుకోవచ్చు. కుండీలో కొంటే వేళ్లు సజీవంగా ఉంటాయి, రంగు కూడా కళ్లతో చూసి ఎంచుకోవచ్చు. రంగు కన్నా ఆకు చూసి ఎంచుకోమని నా సలహా. పూలు రెండు మూడు నెలలు, ఆకు ఏడెనిమిది నెలలు. ముదురాకుపచ్చ మీద వెండి ముగ్గు వేసినట్టు ఉండేవి, మొత్తం వెండిరంగులో మెరిసేవి, ఏ గీతా లేనివి, ఒక్కో మొక్కది ఒక్కో తీరు. పూర్తి వెండి ఆకువి "ప్యూటర్" పేరుతో అమ్ముతారు. ఎండ రాని మూలకు అవి చాలా బాగుంటాయి.

దుంప పై భాగం నేల మట్టానికి 3 సెంటీమీటర్ల కిందికి వచ్చేలా నాటండి, గుల్ల నేల అయితే 4. కుండీల్లో దుంప తరచు పైకే కనబడుతూ ఉంటుంది. అదే మట్టంలో నాటితే ఉడత చూస్తుంది, చలి తగులుతుంది. అలాగని 8, 10 సెంటీమీటర్ల లోతున పాతితే మొగ్గకాడ శక్తి అంతా పైకి రావడానికే ఖర్చవుతుంది. కుండీలోంచి తీశాక వేళ్ల చుట్ట గట్టిగా ఉంటే అడుగున వేలితో కొంచెం విప్పండి. కోమ్ వేళ్లు దుంప అడుగు మధ్య నుంచే వస్తాయి, వాటిని లాగకండి. హెడెరిఫోలియానికి ఇది తలకిందులు, దాని వేళ్లు పైనుంచి, పక్కల నుంచి వస్తాయి, అడుగు నున్నగా ఉంటుంది. ఎండు దుంప కొన్నవాళ్లు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. ఎటు పైనో తేలకపోతే దుంపను అంచు మీద నిలబెట్టి పాతండి, మొలక తన దారి తాను చూసుకుంటుంది.

మొక్కకూ మొక్కకూ 20 సెంటీమీటర్లు వదలండి. అంటే చదరపు మీటరుకు 20 నుంచి 25. బడ్జెట్ అంత లేకపోతే అయిదు మొక్కలు ఒకచోట గుంపుగా వేయండి. తోటంతా ఒక్కొక్కటి చల్లినట్టు వేస్తే కంటికి ఆనదు, తేనెటీగకూ ఆనదు, కాయలు తక్కువ కడతాయి. నాటిన రోజు మొక్కకు అర లీటరు నీళ్లు పోయండి. మొదటి శరదృతువులో వాన లేకపోతే వారానికోసారి అంతే పోయండి, ఆకులు పూర్తిగా లేచేదాకా.

తర్వాత నీళ్ల సంగతి మర్చిపోండి. జూన్ నుంచి ఆగస్టు దాకా ఆ చోట గొట్టం పట్టవద్దు. ఎండలు కాస్తున్నాయి కదా, పాపం దాహంగా ఉంటుందని మనసు లాగుతుంది. నిద్రలో ఉన్న దుంపకు వేళ్లు పని చేయవు, నీళ్లు తాగదు, ఆ తడి వెచ్చని మట్టిలో కుళ్లు పట్టించడానికే పనికొస్తుంది. పైనున్న చెట్టు వేళ్లు వేసవిలో ఆ నేలను పొడిగా ఉంచుతాయి. ఏ మొక్కా బతకదని మనం తిట్టుకునే ఆ పొడి నేలే దీనికి కావాలి. ఆటోమేటిక్ నీటి గొట్టాలు వేసుకున్నవాళ్లు ఆ వరసను ఈ మూలకు రాకుండా మూసేయండి.

ఏడాదిలో చేయాల్సిన పనులు రెండే. ఆగస్టు చివర్లో, ఆకులు లేవకముందు, 2 సెంటీమీటర్ల మందాన ఆకు ఎరువు పరచండి. అక్టోబరు, నవంబరుల్లో పైనుంచి రాలే ఆకులు చూసుకోండి. బర్చ్, మేపుల్ లాంటి చిన్న ఆకులు పర్వాలేదు. సైకమోర్, హార్స్ చెస్ట్‌నట్, ప్లేన్ చెట్ల పెద్ద ఆకులు తడిసి అప్పడాల దొంతరలా ఒకదానికొకటి అతుక్కుంటాయి. కింద మన మొక్క ఆకుకు వెలుతురు అందదు, కాడ సాగి పాలిపోతుంది, బూజు పడుతుంది. వాటిని చేతితోనే ఏరేయండి. ఆకులు లాగే రేక్ (దంతె) వాడితే మొగ్గలు విరుగుతాయి, నవంబరులోనే ఆకుల కింద గింజంత మొగ్గలు ఉంటాయి. బెరడు ముక్కలు మందంగా పరచడం, కలుపు రాకుండా గుడ్డ వేయడం కూడా వద్దు. కలుపుతో పాటు పిల్ల మొక్కలూ రావు.

పక్కన ఏం వేయాలి? స్నోడ్రాప్, వింటర్ అకోనైట్ రెండూ చక్కగా కలుస్తాయి. కోమ్ గులాబీరంగు, స్నోడ్రాప్ తెలుపు, అకోనైట్ పసుపు ఒకేసారి పూస్తాయి. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ బొటానిక్ గార్డెన్‌లో చలికాలం కోసమే ఒక తోట ఉంది. జనవరి, ఫిబ్రవరిల్లో వీలైతే వెళ్లి, ఏ కొమ్మ కింద ఏ పూవు పెట్టారో చూసి రండి. హెలిబోర్ వేస్తే దాని పాత ఆకులు డిసెంబరులో కోసేయండి. ఐవీ, వింకా మాత్రం పక్కన వద్దు, రెండేళ్లలో కప్పేస్తాయి. ఇంకో ముఖ్యమైన సంగతి: హెడెరిఫోలియాన్నీ కోమ్‌నూ ఒకే మడిలో కలపకండి. దాని ఆకు పెద్దది, ముందే లేస్తుంది, కోమ్ నెత్తిన కూర్చుంటుంది. కొన్నేళ్లకు అదొక్కటే మిగులుతుంది. రెండూ కావాలంటే రెండు చెట్ల కింద వేసుకోండి.

పురుగులు, తెగుళ్లలో భయపడాల్సింది వైన్ వీవిల్. ముఖ్యంగా కుండీల్లో. పెద్ద పురుగు నల్లగా ఉండి రాత్రిళ్లు ఆకు అంచులు కొరుకుతుంది, అది పెద్ద నష్టం కాదు. దాని పిల్ల పురుగు తెల్లగా, తల గోధుమరంగులో, ఒళ్లు వంచి పడుకున్నట్టు ఉంటుంది, అది మట్టిలో దుంపను తొలిచి తింటుంది. బాగున్న మొక్క ఉన్నట్టుండి వాలిపోతే కుండీ బోర్లించి చూడండి. ఆగస్టు నుంచి అక్టోబరు మొదటి వారాల దాకా, నేల 5 డిగ్రీలకు పైన ఉన్నప్పుడు, స్టెయినర్నెమా క్రౌసీ అనే సూక్ష్మ నులిపురుగుల పొడిని నీళ్లలో కలిపి పోస్తారు. అవి ఆ పిల్ల పురుగులను చంపుతాయి. పోసే ముందూ తర్వాతా రెండు వారాలూ మట్టి తడిగా ఉండాలి, లేకపోతే డబ్బు దండగ.

ఉడతలది ఇంకో బాధ. కొత్తగా తవ్విన మట్టి వాసనకే వస్తాయి. నాటగానే 2.5 సెంటీమీటర్ల కన్నున్న కోళ్ల గూటి వల నేలకు ఆనించి పరిచి, అంచులు మేకులతో బిగించి, పైన ఆకు ఎరువు చల్లండి. ఆకులు, పూలు ఆ కన్నుల్లోంచి వచ్చేస్తాయి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం, విత్తనాలు. ఈ దుంపకు పక్క పిలకలు రావు. మన కంద గడ్డను కన్ను ఉండేలా ముక్కలు కోసి పాతినట్టు దీన్ని పాతితే ముక్కలన్నీ కుళ్లుతాయి. పెంచుకోవాలంటే విత్తనమే దారి. పూవు రేకులు రాలాక కాడ వాచీ స్ప్రింగులా చుట్టుకోవడం మొదలుపెడుతుంది. కాయ దగ్గర మొదలై కిందిదాకా చుట్టలు పడి, కాయను నేలకు దించి మట్టికి ఆనిస్తుంది. పెర్సికంలో ఈ చుట్ట పడదు, అదొక గుర్తు. కాయ పండటానికి జూన్, జూలై అవుతుంది. అప్పటికి ఆకులు పోయి ఉంటాయి, కాబట్టి మేలోనే పక్కన పుల్ల గుచ్చి గుర్తు పెట్టుకోండి. వేళ్ల మధ్య నొక్కితే కాయ మెత్తగా ఉండి కొన మీద విచ్చుకుంటుంటే కోసేయండి. లోపల గింజలు గోధుమరంగులో, తీపి జిగురుతో ఉంటాయి. ఆ జిగురు చీమల కోసం. చీమలు గింజను మోసుకుపోయి జిగురు తినేసి గింజను పారేస్తాయి. మీరు నాటని చోట, మెట్ల పగుళ్లలో, గోడ మొదట్లో మొక్క కనిపిస్తే అది చీమల సేద్యం.

గింజ తాజాగా ఉన్నప్పుడే వేయాలి. డబ్బాలో దాచి ఎండబెడితే మొలకలు ఆలస్యంగా, కొన్ని కొన్నిగా వస్తాయి. ఒక రాత్రి గోరువెచ్చని నీళ్లలో, గిన్నెలు కడిగే లిక్విడ్ ఒక చుక్క వేసి, నానబెట్టండి. పొద్దున వడకట్టి కడిగితే జిగురు పోతుంది. జాన్ ఇన్నెస్ నంబర్ 1 అనే కుండీ మట్టి మిశ్రమం రెండు పాళ్లు, సన్న గ్రిట్ ఒక పాలు కలిపి, 9 సెంటీమీటర్ల కుండీలో పదిహేను గింజలు దూరదూరంగా వేయండి. పైన సెంటీమీటరు మట్టి, దాని మీద పలచగా గ్రిట్. తడిపి, ఉత్తర ముఖపు గోడ వారన పెట్టి, పైన పెంకు కప్పండి. ఈ గింజకు చీకటి కావాలి, 15 డిగ్రీల చల్లదనం కావాలి. కిటికీలో వెచ్చగా పెడితే మొలవదు. మిరప నారు పోసినట్టు వేడి కోసం చూసేవాళ్లకు ఇక్కడే నిరాశ ఎదురవుతుంది. సెప్టెంబరు నుంచి పెంకు ఎత్తి చూస్తూ ఉండండి. తెల్లటి మెలిక కనబడగానే పెంకు తీసేయాలి. ముందు మట్టిలో ఆవగింజంత దుంప తయారవుతుంది, తర్వాతే ఒక్కటంటే ఒక్క ఆకు వస్తుంది. మొదటి ఏడాది ఇంకేమీ రాదు. మొదటి వేసవిలో ఆ చిన్న దుంపలను పూర్తిగా ఎండనివ్వకండి, నీడలో ఉంచి పది పన్నెండు రోజులకోసారి కొంచెం తడపండి. రెండో ఏడాది ఆగస్టులో విడదీసి నాటుకోవచ్చు. రెండు, మూడేళ్లకు పూస్తాయి.

చివరగా ఒక విజ్ఞప్తి. 1980లలో టర్కీ కొండల నుంచి ఈ దుంపలను పెద్ద ఎత్తున తవ్వి యూరప్‌కు అమ్మారు. దుంప తయారు కావడానికి ఏళ్లు పడుతుంది, తవ్వడానికి నిమిషం చాలు. ఇప్పుడు సైక్లమెన్ జాతులన్నీ సైటీస్ (అడవి మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే) ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి, సరిహద్దు దాటించాలంటే పర్మిట్ కావాలి. కొనేటప్పుడు "విత్తనం నుంచి మీ నర్సరీలో పెంచినవేనా?" అని అడగండి. 1977 నుంచి ఇక్కడ సైక్లమెన్ సొసైటీ నడుస్తోంది, సభ్యులకు విత్తనాలు పంచుతారు. చౌకగా, అడవికి హాని లేకుండా మొదలుపెట్టడానికి అదొక మంచి దారి.

ప్రశ్నలుంటే అడగండి.

శ్రోత: నమస్కారమండీ. మాకు ఆకులు గుబురుగా వస్తున్నాయి, మూడేళ్లయినా పూలు లేవు. ఎందుకంటారు?

జవాబు: మూడు కారణాలు వరసగా చూడండమ్మా. మొదటిది లోతు. వేలితో మట్టి తీసి చూడండి, దుంప 6, 7 సెంటీమీటర్ల కింద ఉంటే ఆగస్టులో పైకి తెచ్చి నాటండి. రెండోది చలికాలపు చీకటి. ఆకుకాడలు పొడుగ్గా సాగి వాలుతున్నాయా? అదైతే చోటు మార్చాలి, లేదా పైనున్న కింది కొమ్మలు రెండు తీయించాలి. మూడోది ఎరువు. పక్కన పచ్చికకు వేసిన ఎరువు ఇటు పడుతోందేమో చూసుకోండి.

శ్రోత: వాడేసిన టీ పొడి మొదట్లో వేస్తున్నానండీ, మంచిదేనా?

జవాబు: వద్దండీ. తడి టీ పొడి గడ్డకట్టి దుంప మీద మూతలా కూర్చుంటుంది, బూజు వస్తుంది. కంపోస్టు డబ్బాలో వేయండి, మాగాక వాడుకోవచ్చు.

శ్రోత: ఇంట్లో చిన్నపిల్లలున్నారు, కుక్కపిల్ల కూడా ఉంది. విషమని విన్నాం.

జవాబు: దుంపలో సాపోనిన్లు ఉంటాయి. తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి. పందులు తవ్వి తింటాయని దీనికి ఇంగ్లీషువాళ్లు సౌబ్రెడ్ అని పేరు పెట్టారు, మనకు మాత్రం పనికిరాదు. దుంప పట్టుకుంటే చేతులు కడుక్కోండి. తవ్వే అలవాటున్న కుక్కపిల్ల అయితే ఉడతలకు చెప్పిన వలే వేయండి.

శ్రోత: మా అమ్మగారు హైదరాబాద్ నుంచి వచ్చారు, నాలుగు దుంపలు పట్టుకెళ్తానంటున్నారు.

జవాబు: సైటీస్ పర్మిట్, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం, భారత్‌లో దిగుమతి అనుమతి, ఇవి లేకుండా తీసుకెళ్లకూడదు. తీసుకెళ్లినా అక్కడి మే నెల నేలలో దుంప ఉడికిపోతుంది. ఆవిడ చేత ఇక్కడే, మీ తోటలో నాటించండి. జనవరిలో వీడియో కాల్‌లో చూపించండి.

శ్రోత (ఆన్‌లైన్, సియాటెల్): మా దగ్గర ఇదే పద్ధతి నడుస్తుందా?

జవాబు: దాదాపు ఇదేనండీ. మీది కూడా చలికాలం వాన, వేసవి పొడి. మీ ఎత్తైన డగ్లస్ ఫర్ చెట్ల కింద నేరుగా వద్దు, అంచున వేయండి. పచ్చికకు పెట్టిన స్ప్రింక్లర్ తుంపర జూలైలో అక్కడిదాకా రాకుండా తల తిప్పి పెట్టండి.